నేల మీద అర సెకండు

ఏమీ తెలియనివాడు అరుగు మీంచి దూకి, మడమ నొప్పి పుడితే మానేస్తాడు. నేను చదువుకుని దూకినవాణ్ణి. నొప్పి పుడితే దానికేం పేరుందోనని వెతికి, పేరు దొరికిన సంతోషంలో మర్నాడు మళ్ళీ దూకాను. బ్యాంకులో అప్పు కోసం వచ్చినవాళ్ళను ఒక్క కాగితం తక్కువైందని వారాల తరబడి తిప్పే ఉద్యోగం నాది. అంత అనుమానపు బుర్ర నా కాళ్ళ విషయంలో మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

మొదలైంది 2022 వేసవిలో. ముప్పై అయిదేళ్ళు దాటినవాళ్ళకు మాస్టర్స్ అథ్లెటిక్స్ అని పోటీలుంటాయి, అయిదేళ్ళకో వర్గం చొప్పున. కాలేజీ రోజుల్లో నేను వంద మీటర్లు పరిగెత్తేవాణ్ణి. ఒక కప్పు కూడా ఉంది. దాని మీద పేరు చెరిగిపోవడంతో అది నాదేనని మా ఆవిడ ఈనాటికీ నమ్మదు. మా హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వేశాక, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. చూడ్డానికి వెళ్ళినవాణ్ణి చూసి ఊరుకోవచ్చుగా. నలభై రెండేళ్ళ వయసులో, పొట్ట లోపలికి బిగించి, ఒక మాస్టర్స్ పోటీకి పేరిచ్చాను.

వచ్చినవాళ్ళు తక్కువని రెండు మూడు వర్గాలను కలిపి పరిగెత్తించారు. నా పక్క లేనులో కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన నిలబడ్డారు. తెల్లమీసం, సన్నటి పిక్కలు. పెద్దాయన కదా, మరీ వెనకబడితే బాగుండదు, చివర్లో కాస్త తగ్గుదాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ముప్పై మీటర్ల దాకా నేనే ముందు. మిగిలిన డెబ్బై మీటర్లూ ఆయన వీపు చూసుకుంటూ పరిగెత్తాను. ఆయన అడుగుల చప్పుడు వినబడలేదు. నా బూట్లు మాత్రం గ్యాలరీలో కూచున్న మా అమ్మాయి దాకా టపటపా వినిపించాయట.

ఆ మే నెలలోనే విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి సైప్రస్‌లోని లిమసోల్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.23 సెకండ్లలో ముగించి, 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరిట ఉన్న 13.38 జాతీయ రికార్డును చెరిపేసింది. ఆ వార్త పట్టుకుని రాత్రిళ్ళు హర్డిల్స్ వీడియోలు చూడ్డం మొదలుపెట్టాను. ఒక వీడియోలోంచి ఇంకో వీడియోలోకి జారి, చివరికి ప్లయోమెట్రిక్స్ దగ్గర తేలాను. గెంతులు, దూకుళ్ళు, ఎత్తు మీంచి దిగి మళ్ళీ పైకెగరడాలు. పరుగులో వేగం పెంచడానికి చేసే కసరత్తులు.

చదవడం మొదలుపెడితే నేను ఆగను. పేరు అమెరికావాళ్ళు పెట్టారు, అసలు పని సోవియట్‌వాళ్ళది. యూరీ వెర్ఖోషాన్‌స్కీ అనే కోచ్ 1960లలో, ట్రిపుల్ జంప్ చేసేవాళ్ళు ఒంటికాలి మీద ఎంత బరువును తట్టుకుని మళ్ళీ లేస్తున్నారో గమనించి, ఎత్తు మీంచి కిందికి దిగి నేల తగిలీ తగలగానే పైకి ఎగిరే అభ్యాసాన్ని తయారుచేశాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సోవియట్ స్ప్రింటర్ వలేరీ బోర్జోవ్ వంద మీటర్లు 10.14లో, రెండు వందలు 20.00లో గెలిచాడు. అప్పటిదాకా ఆ పరుగులు చాలావరకు అమెరికావాళ్ళ సొంత ఆస్తి కావడంతో, సోవియట్ శిక్షణ మీద వాళ్ళ కన్ను పడింది. (ఎడ్డీ హార్ట్, రే రాబిన్సన్ అనే ఇద్దరు అమెరికన్లు తమ కోచ్ దగ్గరున్న పాత టైమ్‌టేబుల్ పుణ్యాన వంద మీటర్ల క్వార్టర్ ఫైనల్‌కే అందుకోలేకపోయారు. దాని గురించి నేను ఒక రాత్రంతా చదివాను. నా పిక్కలకు దానితో ఏ సంబంధమూ లేదు.) ప్లయోమెట్రిక్స్ అన్న పేరును 1975లో వాడుకలోకి తెచ్చినవాడు ఫ్రెడ్ విల్ట్, తనూ ఒలింపిక్ పరుగులు పరిగెత్తిన అమెరికన్.

ఇదంతా ఎలా పనిచేస్తుందో కూడా చక్కగా అర్థం చేసుకున్నాను. నా పాపంలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది కాబట్టి వివరంగా చెప్పాలి. పిక్కను మడమ ఎముకకు కలిపే అకిలీస్ టెండన్ ఉంది కదా. పాదం నేలకు తగిలిన క్షణంలో పిక్క కండరం గట్టిగా బిగిసి నిలబడితే, ఆ టెండన్ సాగి, సాగడంలో దాచుకున్న శక్తిని వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. ఆలస్యమైతే ఆ శక్తి వేడిగా మారి పోతుంది. కండరం మళ్ళీ మొదట్నుంచి సొంత ఖర్చుతో ఒంటిని పైకి తోయాలి. పూర్తి వేగంలో ఉన్న స్ప్రింటర్ పాదం నేల మీద ఉండేది సెకండులో పదో వంతు, గొప్పవాళ్ళకు అంతకన్నా తక్కువ. పీటర్ వేయాండ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. వేగంగా పరిగెత్తేవాళ్ళూ మామూలువాళ్ళూ కాళ్ళను గాలిలో ముందుకు తెచ్చుకునే సమయంలో పెద్ద తేడా లేదని, తేడా అంతా నేలను ఎంత బలంగా కొడుతున్నారన్న దాంట్లోనే ఉందని అందులో తేల్చారు. అంత బలమూ ఆ పదో వంతు సెకండులోనే దించాలి. దానికి కాళ్ళను సిద్ధం చేసేవే ఈ గెంతులు. పాదం పావు సెకండు లోపల నేల వదిలితేనే వాటిని వేగవంతమైన రకం కింద లెక్కవేస్తారు.

ఇవన్నీ పచ్చ స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టుకున్నాను. గీతలు పెట్టుకుని డాబా మీదికెక్కాను.

వెర్ఖోషాన్‌స్కీ రెండు ఎత్తులు చెప్పాడు: 75 సెంటీమీటర్లు, 110 సెంటీమీటర్లు. మా డాబా మీద నీళ్ళ ట్యాంకు దిమ్మెను టేపుతో కొలిస్తే మూడున్నర అడుగులు, అంటే 107 సెంటీమీటర్లు. ఆ మహానుభావుడు మాస్కోలో కూచుని మా ట్యాంకు కోసమే రాశాడని మురిసిపోయాను. ఆయన రాసింది ఏళ్ళ తరబడి బరువులెత్తి, గెంతి, రాటుదేలిన అథ్లెట్ల కోసమని అదే పేజీలో ఉంది. వాళ్ళకు కూడా ఒక పూటకు నలభై దూకుళ్ళకు మించొద్దని, వారానికి రెండు పూటలు చాలని ఉంది. తర్వాతి తరం శిక్షణ పుస్తకాల్లో ఇంకో షరతు కనిపించింది: ఇలాంటి గట్టి రకాలకు దిగేముందు సొంత బరువుకు ఒకటిన్నర రెట్ల బరువు భుజాన పెట్టుకుని కూచుని లేవగలగాలి. నా బరువు అప్పుడు ఎనభై నాలుగు కిలోలు. నేను భుజాన మోసిన ఆఖరి బరువు మా అమ్మాయి, తనకు మూడేళ్ళప్పుడు, మేడారం జాతరలో. అయినా ఆఫీసులో లిఫ్ట్ ఎక్కకుండా రెండో అంతస్తుకు మెట్లెక్కుతాను కదా, అదే పాస్ మార్కు అనుకున్నాను. పచ్చిక మీదో, రబ్బరు చాప మీదో చేయాలనీ, సిమెంటు పనికిరాదనీ ఉంది. మా డాబా సిమెంటే. దానికి జవాబుగా అంగుళం మందం మడమలున్న బూట్లు కొన్నాను. టెండన్‌ను చురుకు చేయడానికి దూకుతూ, దాని పనిని మెత్తటి రబ్బరుకు అప్పగించానన్నమాట.

అన్నిటికన్నా నాకు గిట్టనిది విరామం. పదిసార్లు దూకితే రెండు మూడు నిమిషాలు ఆగాలి, ఒక రోజు చేస్తే రెండు రోజులు వదిలేయాలి అని రాసుంటే మనసొప్పేది కాదు. చొక్కా తడవని పనిని పని అనని ఇంట్లో పుట్టాను. బడిలో ఆలస్యంగా వెళితే గ్రౌండు చుట్టూ కప్పగంతులు వేయించేవారు, ఎంత రొప్పితే అంత బాగా శిక్ష పడినట్టు లెక్క. ఆ లెక్క ఒంట్లో ఇంకిపోయింది. రెండు నిమిషాలు ఊరికే నిలబడటం దొంగతనంలా అనిపించి, మధ్యలో గుంజీలు తీశాను. వారానికి రెండు పూటలన్నది సోమరుల కోసమని తేల్చి, రోజూ పొద్దున్నే ఎక్కాను. చివరి దూకుళ్ళకు కాళ్ళు వణికేవి. వణుకు మొదలయ్యాకే అసలు కసరత్తు మొదలైనట్టు సంతోషించాను. ఈ అభ్యాసంలో కాళ్ళు అలసిన క్షణాన ఆపాల్సిందే, ఎందుకంటే అలసిన కాలు నెమ్మదిస్తుంది, నెమ్మదిగా దూకడం నేర్చుకుంటే నెమ్మదితనమే అలవాటవుతుంది. ఈ వాక్యం కింద కూడా పచ్చ గీత ఉంది.

"ఏందిరా పైన చప్పుడు, స్లాబు గిట్ల పలిగితే ఎట్ల?" అని అమ్మ అడిగేది. పోనీ అమ్మతో ఆగిందా? కింద గదిలో అద్దెకుండే కుర్రాడు విన్నాడు. ములుగు వైపు పల్లె నుంచి వచ్చి, కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ తీసుకుంటున్నవాడు. ప్రిలిమ్స్ అయిపోయింది, దేహదారుఢ్య పరీక్షలు ముందున్నాయి. ఆ ఏడాది మగవాళ్ళకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లలో పరిగెత్తాలి, లాంగ్ జంప్ 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండు 6 మీటర్లు వేయాలి. వాడికి పరుగులో ఇబ్బంది లేదు. లాంగ్ జంప్ దగ్గరే భయం.

"అంకుల్, మీరేదో దుంకుడు ప్రాక్టీస్ చేస్తున్నరట. నాకు గూడ చెప్తరా?"

జీవితంలో నన్నెవరూ వ్యాయామం గురించి సలహా అడగలేదు. బోర్జోవ్ దగ్గర మొదలుపెట్టాను. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. మర్నాటి నుంచి ట్యాంకు దిమ్మె మీంచి ఇద్దరం వంతులవారీగా దూకాం. వాడికి ఇరవై రెండేళ్ళు, అరవై కిలోలు. నాకన్నా తేలిగ్గా లేచేవాడు. అది నా శిక్షణ ఫలితమని మా ఆవిడకు చెప్పాను.

కొన్ని వారాలకు నాకు పొద్దున మంచం దిగి మొదటి అడుగులు వేయడం కష్టమైంది. మడమకు కాస్త పైన బిగుసుకుపోయి, మెట్లు పక్కకు తిరిగి దిగేవాణ్ణి. విచిత్రమేమిటంటే, కాసేపు తిరిగాక నొప్పి తగ్గిపోయేది. దూకడం మొదలెట్టాక అసలు తెలిసేది కాదు. చూశారా, దూకితేనే తగ్గుతోంది అని నాకు నేనే వైద్యం రాసుకున్నాను. ఆ టెండన్ దెబ్బతినేటప్పుడు తొలి దశలో అలాగే మోసం చేస్తుంది. ఒళ్ళు వేడెక్కితే ఊరుకుంటుంది, తెల్లారేసరికి వడ్డీతో వసూలు చేస్తుంది. కండరం వారాల్లో బలపడితే, టెండన్‌కు నెలలు కావాలి. కుర్రాడికి మోకాలి కింద, ముందు ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి మొదలైంది. నొక్కితే అరిచేవాడు. "అలవాటు పడుతోంది, పాలు తాగు" అన్నాను. ఈ మాట నేనే అన్నానని రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి ఆగుతోంది.

ఇక గొప్ప చెప్పుకోవాలనిపించి, ఆ రైల్వే పెద్దాయనను ఇంటికి పిలిచాను. డాబా మీదికి తీసుకెళ్ళి నా దూకుడు చూపించాను. ఆయన ట్యాంకు నీడలో కూచుని, చాయ్ తాగుతూ, కళ్ళు మూసుకుని విన్నారు. చూస్తారనుకుంటే వింటున్నారేమిటని చిరాకేసింది.

"సార్, మీరు దుంకుతలేరు," అన్నారు. "బియ్యం బస్తా దించుతున్నరు."

ఆయన మాట నమ్మలేదు. కుర్రాడి ఫోన్‌లో సెకండుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంది. పాదం నేలకు తగిలిన ఫ్రేము నుంచి వదిలిన ఫ్రేము దాకా మా అమ్మాయి వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ లెక్కపెట్టింది. పావు సెకండుకు 60 ఫ్రేములు ఉండాలి. 60 దాటింది, 80 దాటింది, వంద దాటింది. 120 దగ్గర నా బూటు నేలను వదిలింది. అర సెకండు. 2009లో బెర్లిన్‌లో వంద మీటర్లను 9.58 సెకండ్లలో ముగించడానికి ఉసేన్ బోల్ట్ వేసినవి 41 అడుగులు. నేను ఒక్కసారి నేల మీద కూలబడి మళ్ళీ లేచే లోపు అతను రెండు అడుగులు వేసి, అయిదు మీటర్లకు పైగా వెళ్ళిపోతాడు. అంటే ఇన్ని వారాలుగా నేను చేసింది ప్లయోమెట్రిక్సే కాదు. ఎత్తు మీంచి పడటం, మోకాళ్ళు మడిచి కూచోవడం, మళ్ళీ లేవడం. దానికి రష్యా దాకా వెళ్ళక్కర్లేదు.

"డాడీ, బోల్ట్ అయితే గేటు దాకా పోతుండె," అంది మా అమ్మాయి, మేలు చేస్తున్నాననుకుని.

పెద్దాయన కుర్రాడి కాలు నొక్కి చూశారు. నా వైపు చూడకుండా, "ఈ పిల్లగానికి ఎవరు చెప్పిన్రు?" అన్నారు. కుర్రాడు నేలచూపులు చూశాడు. నేను చాయ్ గ్లాసులు కిందికి తీసుకెళ్ళాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

ఆయన ఆ ముసలి వయసులో వారానికి రెండు పూటలు చేసేదేమిటో తర్వాత స్టేడియం పక్క పచ్చిక మీద చూశాను. మోకాళ్ళు పెద్దగా వంచకుండా చీలమండలతోనే చిన్న చిన్న గెంతులు. తాడాట. ఒంటికాలి మీద కొన్ని గెంతులు, అచ్చంగా మా చిన్నప్పుడు ఆడపిల్లలు వాకిట్లో ముగ్గుగీతలు గీసి ఆడుకున్న తొక్కుడుబిళ్ళ. చీలమండ ఎత్తున్న అడ్డాల మీంచి వరసగా నాలుగైదు. ప్రతి వరస తర్వాత నడుస్తూ ఊపిరి తీసుకోవడం, ఎవరో ఒకరితో కబుర్లు. అడుగు చప్పుడు కొంచెం బరువెక్కితే ఆరోజుకు ఇక చాలు. మొత్తం కలిపి అరగంట ఉండదు, చొక్కా తడవదు. వారంలో ఇంకో రెండు రోజులు ఇసుక మూట భుజాన వేసుకుని కూచుని లేవడం, మెల్లగా. నా కళ్ళకు అది రిటైరైన మనిషి కాలక్షేపంలా కనిపించేది. పందెంలో ఆయన వీపు చూసినవాణ్ణి, కనీసం ఆ వీపు మీదైనా గౌరవం ఉండాల్సింది.

ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఏమైందని అడిగితే మెట్ల మీద జారానన్నాను. నలభై రెండేళ్ళ బ్యాంకు ఉద్యోగి ట్యాంకు దిమ్మె మీంచి రోజూ దూకానని చెప్పడానికి సిగ్గేసింది. ఆయన దానికి తగ్గట్టే విశ్రాంతి, ఐసు చెప్పారు. విశ్రాంతిలో నొప్పి తగ్గింది, నడక పెంచగానే తిరిగొచ్చింది. రెండోసారి నిజం చెప్పాను. ఆయన నవ్వలేదు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మడమను చాలా నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం ఇచ్చారు.

దాని వెనకున్న కథ నాకు కాస్త ఊరటనిచ్చింది. స్వీడన్‌లో హకాన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడికి ఇదే టెండన్ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయమంటే పై అధికారి ఒప్పుకోలేదు. అలాగైతే పూర్తిగా తెగేదాకా పాడుచేసుకుంటాను, అప్పుడు చేయక ఏం చేస్తారని, నొప్పి పుడుతున్నా ఆ మడమను పట్టుబట్టి బరువుతో దించాడు. తెగలేదు, నయమైంది. 1998లో దాన్నే పరిశోధనగా ప్రచురించాడు: మోకాలు నిటారుగా ఉంచి పదిహేనేసి మూడు వరసలు, కొద్దిగా వంచి మరో మూడు, రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. రోజుకు 180. మొండితనంలో మేమిద్దరం ఒకటే. ఆయన మొండితనం నెమ్మదిగా దించింది, నాది ధబేలుమని పడింది. 180 అనగానే నా కళ్ళు మెరిశాయి, చివరికి లెక్కపెట్టుకోవడానికి పెద్ద సంఖ్య దొరికింది! ఫిజియో నా మొహం చూసి పసిగట్టినట్టున్నారు, "మీరు మాత్రం సగమే చేయండి" అన్నారు.

కుర్రాణ్ణి పెద్దాయన తన చేతిలోకి తీసుకున్నారు. కొన్ని వారాలు దూకుళ్ళు పూర్తిగా మాన్పించి, పరుగు తగ్గించి, తర్వాత పచ్చిక మీద చిన్న గెంతులతో మొదలుపెట్టించారు. లాంగ్ జంప్‌లో వాడి లోపం కాళ్ళ బలం కాదట. బోర్డు దగ్గరికొచ్చేసరికి భయపడి అడుగులు కుదించేవాడట. అడుగులు కొలిచి గుర్తులు పెట్టించి, దాన్ని సరిచేశారు. నేను చెప్పిన బోర్జోవ్‌తో వాడికి పనే పడలేదు. డిసెంబరులో పరీక్షలు జరిగాయి. మూడింట్లోనూ గట్టెక్కాడు.

సంక్రాంతికి వాడి నాయన పల్లె నుంచి వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా నిండా సకినాలు. "మా పిలగాన్ని మీరే నిలబెట్టిన్రట సార్. పొద్దుగాల్ల డాబా మీద మీ పక్కపొంటి దుంకిపిచ్చిన్రట. వాడు ఎప్పుడు మీ ముచ్చటే చెప్తడు," అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కుర్రాడు వెనక నిలబడి ఏమీ అనలేదు. వాడు నా మర్యాద కాపాడుతున్నాడో, నిజంగానే అలా నమ్ముతున్నాడో ఈ రోజుకూ అడగలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి నా వైపు చూస్తోంది. పెద్దాయన పేరు అప్పుడు చెప్పాల్సింది. "అయ్యో, నాదేముందండీ, కష్టం వాడిది" అన్నాను, వినయంగా. డబ్బా మూత తీసి ఒక సకినం అందుకున్నాను. నువ్వులు బాగా పడ్డాయి, కరకరలాడుతోంది. ఇంకోటి కూడా తీసుకున్నాను.